వాగుకు పెళ్ళిచూపులు

ఒక వాగును బాగుచేయడానికి గ్రాంట్ కావాలని కాళ్ళావేళ్ళా పడి, తీరా ఆ గ్రాంట్ గుమ్మందాకా వస్తే దాన్ని వెళ్ళగొట్టడానికి అంతకు రెట్టింపు చెమటోడ్చిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పేరు సుజాత, పుట్టింది తెనాలి, కాపురం టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో. ఈ కథలో ఒక కంచిపట్టు చీర నాశనమవుతుంది. పరువు అంతకు ముందే పోతుంది. సున్నితమైన మనసున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మా వీధి ఇళ్ళ వెనక ఒక వాగు ఉంది. చలికాలమంతా గడ్డకట్టి బుద్ధిగా పడుకుంటుంది. మంచు కరిగిందా, చుట్టుపక్కల రోడ్ల మీది నీళ్ళన్నీ వాననీటి గొట్టంలోంచి దీంట్లోకే దూకుతాయి. అప్పుడిక దానికి ఒళ్ళు తెలియదు. ఏటా గట్టును కాస్త కాస్త కొరుక్కు తింటూ వస్తోంది. ఆ గట్టు మీదే మారియా వాళ్ళ విల్లో చెట్టుంది.

మారియా మా పక్కింటావిడ. ఇటలీ నుంచి వచ్చింది, డెబ్బై దాటాయి. మేం ఈ ఇంట్లో దిగిన రోజే కంచె మీంచి బుట్టెడు టమాటాలు అందించి, బదులుగా నేనిచ్చిన గోంగూర పచ్చడి బ్రెడ్డు మీద రాసుకు తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ అడిగిన మహాతల్లి. ఆ విల్లో ఆవిడ భర్త టోనీ నాటిన చెట్టు. టోనీ పోయాడు. ఇప్పుడు చెట్టు కింది మట్టి కూడా పోతోంది, వేళ్ళు సగం గాలిలో వేలాడుతున్నాయి. సిటీవాళ్ళు వచ్చి దాని మొదలు మీద నారింజ రంగు గుర్తు వేసిపోయారు. గట్టు బాగుపడకపోతే చెట్టును కొట్టేస్తామని ఆ గుర్తుకు అర్థం.

"ఈ చెట్టు పోతే నా టోనీ రెండోసారి పోయినట్టే సుజాతా," అంది మారియా ఒకరోజు. 

నదుల్నీ వాగుల్నీ బాగుచేసుకునే వాళ్ళకు డబ్బిచ్చే సంస్థ ఒకటుంది. మారియా, వాగు కోసం ఆవిడ కూడగట్టిన బృందం అంతకు ముందే అక్కడ అప్లై చేస్తే, దరఖాస్తు సరిగ్గా లేదని తిప్పికొట్టారు. నేనా, ఆఫీసులో ప్రాజెక్టు రిపోర్టులు రాసి బతికేదాన్ని. "ఈసారి నువ్వు రాయి," అంది మారియా. రాశాను. ఎలా రాశాననుకున్నారు! చదివితే బండరాయికైనా కన్నీళ్ళు రావాలి. కూలిన గట్టు, బురద నీళ్ళు, వేలాడే వేళ్ళు, అన్నిటికీ ఫోటోలు పెట్టాను. 'పరీవాహక ప్రాంతం' అన్న మాట లేని పేజీ లేదు. కొన్నాళ్ళకు మెయిల్ వచ్చింది. మీ దరఖాస్తు తుది పరిశీలనలో ఉంది, ఈ శనివారం మావాళ్ళు ఇద్దరు వాగును చూడడానికి వస్తారు అని.

ఇక్కడిదాకా నేను తెలివైనదాన్నే. దయచేసి గుర్తుపెట్టుకోండి.

'చూడడానికి వస్తారు' అన్న ముక్క చదవగానే నాలో మా అమ్మ నిద్రలేచింది. ఇంటికి మనిషి వస్తున్నాడంటే చాలు, మా అమ్మ చేతిలోకి చీపురు ఎటునుంచి వచ్చేదో తెలిసేది కాదు. విడిచిన బట్టలు మంచం కిందికి, పగిలిన కప్పులు అటక మీదికి, ఏడ్చే తమ్ముడు పక్కింటికి. ఆవిడ రక్తమే కదా నాది!

"ఏవండీ, వాగు దగ్గర ఆ అవతారమేంటండీ? వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాను.

మా ఆయన రమణ ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తాడు. "పాడైపోయిందనుకుంటారు. మనం రాసిందీ అదేగా?"

"రాయడం వేరు, చూపించడం వేరు. పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళ ముందు పిల్లను జిడ్డు మొహంతో కూర్చోబెడతారా?"

"ఇవి పెళ్ళిచూపులు కాదు సుజాతా, డాక్టరు దగ్గరికి పోవడం. రోగం దాచేస్తే ఆయన మందెలా ఇస్తాడు?"

"డాక్టరు దగ్గరికెళ్ళేటప్పుడు మీరు స్నానం చెయ్యరా?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆ సందులో నేను చెప్పులు వేసుకున్నాను. వాదనల్లో గెలవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

నన్ను ఆపగలిగింది మారియా ఒక్కతే. ఆవిడేమో కూతుర్ని చూడడానికి మాంట్రియల్ వెళ్ళింది, శనివారం పొద్దున గానీ రాదు. వచ్చేసరికి సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను. ఇచ్చాను కూడా, చూస్తారుగా.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాను. శుక్రవారం సాయంత్రానికల్లా చీపుళ్ళు, గ్లవ్స్, ఫ్లాస్కుల్లో టీతో జనం దిగిపోయారు. నీళ్ళలోంచి పాత టైర్లు, విరిగిన షాపింగ్ కార్టు, పుట్టెడు ప్లాస్టిక్కు బయటికి లాగారు. అంతవరకూ పుణ్యమే. అక్కడితో ఆగితే నేను సుజాతనెందుకవుతాను?

"అంతా మంచిగనే ఉంది గానీ, ఆ కూలిన గట్టే మంచిగ కనిపిస్తలేదమ్మా," అన్నారు కృష్ణారెడ్డి అంకుల్. ఆయనది వరంగల్, మా తెలుగు అసోసియేషన్‌కు పెద్దదిక్కు.

"ఏం చేద్దాం అంకుల్?"

"మొన్న ఉగాది ఫంక్షన్ల స్టేజీ మీదేసిన పచ్చ కార్పెట్ మా గరాజ్‌ల ఉన్నది. తేవాల్నా?"

"అడుగుతారేంటి అంకుల్, తెచ్చెయ్యండి!"

కార్పెట్ వచ్చింది. కూలిన అంచు మీదుగా పరిచి, పక్కన వరసగా పూలకుండీలు పెట్టాం. గట్టు ఎక్కడ అయిపోయిందో, గాలి ఎక్కడ మొదలైందో కనుక్కోవడం ఇక ఎవరి తరమూ కాదు. వాననీటి గొట్టం ముందు 'స్వాగతం' బ్యానర్ కట్టాం. చెట్టు మీది నారింజ గుర్తుకు బంతిపూల దండ చుట్టాను. వేలాడే వేళ్ళ మీదికి మా పెళ్ళిరోజు కొన్న జరీ చున్నీ దించాను. నడిచే బాట మీద బియ్యప్పిండితో చుక్కల ముగ్గు పెట్టాను.

మా అమ్మాయి ఇషా నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "అమ్మా, దిస్ ఈజ్ అ క్రీక్. నాట్ అ వెడ్డింగ్ హాల్."

"నువ్వూరుకో. ఆ దారం అందుకో."

ఇల్లలకగానే పండగ కాదన్నారు పెద్దలు. వాగును అలికితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు, అంత తెలివితక్కువ పని ఎవరూ చెయ్యరని వాళ్ళ నమ్మకం.

శనివారం నేను కంచిపట్టు కట్టుకుని, పులిహోర గిన్నెతో ఎదురెళ్ళాను, వెనక రమణా కృష్ణారెడ్డి అంకులూ. వచ్చినావిడ పేరు హెలెన్, పొడుగ్గా, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లతో ఉంది. వెంట కెమెరా పట్టుకుని ఒకాయన. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. అయినా నా అవమానం మాతృభాషలో చెప్పుకుంటేనే నాకు తృప్తి.

"చాలా అందంగా ఉంది," అంది హెలెన్.

నేను పొంగిపోయాను. "థాంక్యూ అండీ!"

"మనం చూడాల్సిన వాగు ఇక్కణ్ణించి ఎంత దూరం?"

"ఇదేనండీ!"

ఆవిడ తన చేతిలోని ట్యాబ్లెట్‌లో నా ఫోటోలు చూసింది. తలెత్తి ముగ్గును చూసింది. "మరి కూలిన గట్టు?"

"సర్దేశాం!"

"వేలాడే వేళ్ళు?"

"అస్సలు కనిపించకుండా చేశాం!"

"మరైతే," అంది హెలెన్ ఎంతో మర్యాదగా, "మా డబ్బు మీకెందుకు?"

అప్పుడు వెలిగింది నాకు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. సరే, అడిగాం. తీరా ఆవిడ అన్నం కలిపి తెచ్చేసరికి బ్రేవ్‌మని త్రేన్చి కూర్చుంటే ఏ అమ్మ పెడుతుంది? రమణ నా వైపు చూశాడు.  కళ్ళతోనే 'డాక్టరు, రోగం' అని అంత గట్టిగా అనగలడని నాకు ఆ రోజే తెలిసింది.

"దీనికన్నా చాలా పాడైన వాగులున్నాయి," అంటూ కెమెరా ఆయన మూత బిగించేశాడు.

సరిగ్గా అప్పుడే మారియా వచ్చింది, చేతిలో సూట్‌కేసుతో. కార్పెట్‌ను చూసింది, బ్యానర్‌ను చూసింది, పూలదండ వేసుకుని నిలబడ్డ విల్లోను చూసింది.

"సుజాతా, నా చెట్టును ఏం చేశావు?"

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సిటీవాళ్ళు గుర్తు మాత్రమే వేశారు, గొడ్డలి నేను పట్టుకొచ్చానన్నమాట.

"లేదండీ! పాడైంది! చాలా పాడైంది! లోపలంతా కుళ్ళిపోయింది, చూడండి!" అంటూ పరుగెత్తి బ్యానర్ పీకేశాను. వారమంతా వానచుక్క లేదు కదా, గొట్టం పొడిగా, పద్ధతిగా ఉంది.

"వాననీటి గొట్టం," అంది హెలెన్. "అన్ని వీధుల్లోనూ ఉంటుంది." పాపం, నా మీద జాలిపడిందో ఏమో, "ఆ చెట్టు బాగుంది, ఒకసారి దగ్గర్నుంచి చూసి వెళ్తాం," అని కార్పెట్ వైపు నడిచింది.

"అమ్మో! ఆగండి! అక్కడ నేల లేదూ!"

తెలుగులోనే అరిచాను. హెలెన్ కొయ్యబారిపోయింది. ఆ అరుపుకు ఏ దేశం మనిషైనా ఆగాల్సిందే. ఆగనిదల్లా నేనే. ఆవిణ్ణి వెనక్కి లాగుదామని పరుగెత్తుతుంటే కుచ్చిళ్ళు కాలికి తగులుకున్నాయి. సరాసరి కార్పెట్ మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత అంతా అయింది. పూలకుండీలు, కార్పెట్, జరీ చున్నీ, మంచమంత మట్టిపెళ్ళ, వాటన్నిటితో కలిసి నేను, వాగులో కూర్చున్నాం. నీళ్ళు నడుందాకా ఉన్నాయి, మంచునీళ్ళు.

"సుజాతా! దెబ్బ తగిలిందా?" రమణ కేక.

"నాకేం కాలేదు! చీర!"

"చీరదేముంది, పోతే ఇంకోటి కొంటా!"

"అంకుల్, విన్నారుగా!" అని అరిచాను నీళ్ళలోంచే. సాక్ష్యం ఉంచుకోవడం ఎప్పుడూ మంచిది.

అప్పుడు తలెత్తి చూశాను. నేను పడినచోట గట్టు నిలువునా విరిగిపోయి ఉంది. కింద అంతా డొల్ల. ఆ డొల్ల మీద, పట్టుకోవడానికి పిడికెడు మట్టి లేక, టోనీ నాటిన చెట్టు వేళ్ళు వేలాడుతున్నాయి. నేను దరఖాస్తులో రాసింది రాసినట్టు నా నెత్తిమీదే ఉంది.

"హెలెన్! మీరడిగిన గట్టు ఇదిగో! అవిగో వేళ్ళు! ఫోటో తీసుకోండి! ఫోటో!"

కెమెరా ఆయన మూత ఎప్పుడో తీసేశాడు. హెలెన్ దూరంగా మట్టిలో బోర్లా పడుకుని ఆ డొల్లలోకి తొంగిచూసింది. "దీని మీద జనం నడుస్తున్నారా?" అంది.

"రోజూ!" అంది మారియా. నెత్తిన కుండీల్లోని పూలతో, ఒళ్ళో కార్పెట్‌తో కూర్చున్న నన్ను చూసి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత రెండూ కలిపి చేసింది. ఒడ్డెక్కాక హెలెన్ నా పులిహోర రెండోసారి అడిగి మరీ తింది.

గ్రాంట్ వచ్చింది! అడిగినంతా వచ్చింది! ఆ వేసవిలో గట్టు అడుగున బండలు పేర్చారు, ఇక్కడి నేలకు అలవాటైన మొక్కలు నాటారు. మా వాట్సాప్ సైన్యం మళ్ళీ దిగింది, ఈసారి మట్టి దాచడానికి కాదు, మోయడానికి. సిటీవాళ్ళు వచ్చి నారింజ గుర్తు చెరిపేసిన రోజు మారియా చెట్టును కావిలించుకుని ఇటాలియన్‌లో ఏదో చెప్పింది. అది టోనీతో చెప్పిన మాట, నేను అర్థం అడగలేదు. నేనూ ఏడ్చాను. గెలిచినప్పుడు ఏడిస్తే తప్పేముంది?

నా ఫోటో మాత్రం చిరస్థాయిగా నిలిచిపోయింది. కొత్తగా అప్లై చేసేవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఆ సంస్థవాళ్ళు దాన్నే చూపిస్తున్నారట. 'అవసరాన్ని నిరూపించే పద్ధతి' అని కింద రాశారట. చీర కూడా కొనిచ్చాడు మా ఆయన, సాక్షి ఉన్నాడు మరి.

పోయిన వారం హెలెన్ మళ్ళీ మెయిల్ పెట్టింది. పూర్తయిన పనిని చూడడానికి వస్తారట. ఈసారి వాగు నిజంగానే అందంగా ఉంది, దాచడానికి ఏమీ లేదు. అయినా 'చూడడానికి వస్తారు' అన్న మాట చదివిన దగ్గర్నుంచీ నా అరచేతులు దురదపెడుతున్నాయి.

అందుకని టోనీ చెట్టు సాక్షిగా, బురదలో కలిసిన కంచిపట్టు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఆ రోజు నేను చీపురు ముట్టను, ముగ్గు పెట్టను, తోరణం కట్టను, కృష్ణారెడ్డి అంకుల్ గరాజ్ ఉన్న వీధిలోకే వెళ్ళను. పులిహోర మాత్రం చేస్తాను. గ్రాంట్ వచ్చింది గట్టును చూసో పులిహోరను చూసో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.