అమ్మ మీదికి అమ్మోరు వచ్చినప్పుడు

రెండేళ్ల కిందట మా విద్యార్థి ఒకడు వాళ్ల ఊరి జాతర వీడియోలతో పాటు అమ్మోరికి ధూపం వేసే మైసాక్షి పొట్లం ఒకటి కూడా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పగానే ఆ వాసనకు చిన్నప్పటి భయం మళ్లీ పట్టుకుంది. పూనకాల మీద పుస్తకం రాసినదాన్ని, అప్పటికీ ఇదీ నా వరస.

మాది సూర్యాపేట పక్కన పెన్‌పహాడ్. శ్రావణంలో ముత్యాలమ్మ బోనాలంటే తెల్లారేసరికి ఇల్లంతా బెల్లపన్నం ఉడికే వాసన, కొత్తకుండకు సున్నం పూసి పసుపు కుంకుమలు పెట్టే పెద్దమ్మ, మూకుట్లో పొంగే గారెలు, వాన వెలిసిన బురదలో కొత్త లంగాలు ఎత్తిపట్టుకుని గెంతే మేము. నాకు మాత్రం పొద్దెక్కేకొద్దీ దిగులు పట్టుకునేది. గుడి ముందు డప్పు జోరందుకోగానే అమ్మకు శిగం వస్తుంది, అంటే అమ్మోరు పూనుతుంది.

జుట్టు విరబోసుకుని ఊగుతుంటే ఊరి పెద్దలే వంగి దండాలు పెట్టేవాళ్లు. అందరినీ పిలిచినట్టే నన్నూ "బాలా" అనేది. ఒకసారి కొంగు పట్టుకుంటే విదిలించి కొట్టింది. ఈ అమ్మోరు దిగకపోతే, మా అమ్మ ఇక తిరిగి రాకపోతే ఎట్లా అని గోడ పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. చివరికి ఎవరో అమ్మ ముఖాన పసుపునీళ్లు చల్లితే కూలబడి, చెంబెడు నీళ్లు తాగి, నన్ను చూసేది.

"ఏందే, లంగకు గింత బురద? కొత్తదాన్ని ఖరాబు జేస్తివి గదే!"

ఆ తిట్టు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది.

పెద్దయ్యాక అదే నా చదువైంది. కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెలు తిరిగి, పూనినప్పుడు ఎదుటివాళ్లు కనబడతారా అని ఎందరినో అడిగాను. అమ్మను మాత్రం అడగలేదు. కనబడలేదంటే తట్టుకోలేనని భయం.

పోయిన శ్రావణంలో ఊరికి వెళ్తే డప్పులు లేవు, డీజే మోగుతోంది. గుడి ముందు ఊగేవాళ్లు తగ్గిపోయారు. మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాక అమ్మకూ శిగం రావడం మానేసింది. ఇంకెప్పుడు అడుగుతానని, వంటింట్లో పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతున్న అమ్మ పక్కన కూర్చుని అడిగేశాను. అమ్మ తలైనా ఎత్తలేదు.

"కనబడకేం? గోడకాడ నిలబడి ఏడుస్తుంటివి. పిల్ల బుగులు వడుతున్నది, ఇగ జర జల్ది దిగిపో తల్లీ అని లోపల్లోపల మొక్కుతుంటి."

ఊరంతా మా అమ్మకు మొక్కుతుంటే, అమ్మ నా కోసం మొక్కుతూ ఉందన్నమాట. ఇన్నేళ్ల భయం ఆ వంటింట్లోనే దిగిపోయింది.