తొవ్విచ్చిన సారుకు ధన్యవాదాలు

ఆ రోజుల్లో శంషాబాద్‌లో మనుషులకంటే ఫ్లెక్సీలే ఎక్కువ మాట్లాడేవి. ఎయిర్‌పోర్టు మొదలై ఏడాదో రెండేళ్ళో అయివుంటుంది. ప్లాట్లు అమ్మేవాళ్ళు, పుట్టినరోజు జరుపుకునే నాయకులు, వాళ్ళకు శుభాకాంక్షలు చెప్పే ఇంకా చిన్న నాయకులు, అందరూ కరెంటు స్తంభాలకు వేలాడుతూ మనవైపు చూసి నవ్వుతుండేవాళ్ళు. ఆ నవ్వుల్లో సగం నా చేతిమీదుగా వెళ్ళినవే. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగు టైపు చేయడం నా ఉద్యోగం. డిగ్రీ అవగానే తెనాలి నుంచి వచ్చి, రాజేంద్రనగర్‌లో పిన్ని వాళ్ళింట్లో ఉంటూ చేరిన మొదటి కొలువు. జీతం అంతంతమాత్రమే గానీ, తెలుగు భాషను కాపాడే బాధ్యత మొత్తం నామీదే ఉందని గట్టిగా నమ్మేదాన్ని. (ఆ బాధ్యత నాకు ఎవరూ అప్పగించలేదు.) జనం చెప్పింది చెప్పినట్టు కొట్టకుండా, యాసను దిద్ది, విభక్తులు సవరించి, చివరికి 'ధన్యవాదములు' అని మకారం తగిలించి గానీ వదిలేదాన్ని కాదు. దుకాణం నడిపే ఓనరన్న మాత్రం రోజూ ఒకే మాట అనేవాడు: "కస్టమర్ ఏం జెప్తే గదే కొట్టు చెల్లే. నీ సదువు జర పక్కకు వెట్టు." నేను వినలేదని వేరే చెప్పాలా.

మా దుకాణానికి రోజు విడిచి రోజు వచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ను మోరీల బాపు అనేది. (మోరీ అంటే మురుగు కాలువ అని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. అందాకా అది ఆయన ఇంటిపేరనుకుని 'మోరీల గారూ' అని పిలిచాను. ఆయన కూడా మర్యాదగానే పలికాడు.) పడుచు వయసులో తన బస్తీకి మొట్టమొదటి మోరీ కట్టించిన ఘనత వల్ల ఆ పేరు స్థిరపడిందట. అప్పటి నుంచి ఊళ్ళో పని అన్నది ఆయన్ను వదల్లేదు. ఎవరికి జ్వరమొచ్చినా మోపెడ్ వెనక ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోవడం, పింఛను రాని ముసలమ్మల తరఫున ఆఫీసుల బెంచీలు అరగదీయడం, ఎవరైనా పోతే పాడె కట్టించడం, అన్నీ ఆయనే. బస్తీ అభివృద్ధి కమిటీకి అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు కూడా ఆయనే కాబట్టి తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా నెగ్గేవి. తెల్ల చొక్కా, భుజాన కండువా, ఎదురుగా ఇద్దరు మనుషులు ఉంటే చాలు, ఉపన్యాసం మొదలయ్యేది. ఒకసారి వాళ్ళింటికి వెళితే ఆయన ఇల్లాలు నాతో వాపోయింది: "ఊరందరికి మోరీలు వెట్టిచ్చిండు బిడ్డా. మా ఇంట్ల నల్లా కారవట్టి ఏండ్లయితంది, గది మాత్రం ఆయనకు కండ్లవడది." బాపు ఆ సమయంలో ఎవరి ఇంటి నల్లా కోసమో బయటికి వెళ్ళి ఉన్నాడు.

బాపు పని చేయించుకునే పద్ధతి వేరు. ధర్నాలు, నినాదాలు ఆయనకు నచ్చవు. చేయని పనికి ముందే ధన్యవాదాలు చెప్పడం ఆయన పద్ధతి. మోరీ పూడిపోయిందనుకోండి, 'మోరీ సాఫ్ చేయించిన సారుకు ధన్యవాదాలు' అని ఫ్లెక్సీ కొట్టించి సరిగ్గా ఆ సారు ఆఫీసు ఎదురుగా కట్టేవాడు. వచ్చేపోయేవాళ్ళంతా సారును మెచ్చుకుంటుంటే ఆయన కాదనలేక, ఔననలేక, మర్నాడు మనుషుల్ని పంపి మోరీ తీయించేవాడు. "తిడితే మొండికేస్తరు బిడ్డా, పొగిడితే పరేషాన్ అయితరు" అని బాపు నాకు రహస్యం చెప్పినట్టు చెప్పేవాడు. ఈ పద్ధతి ఒక్కసారి మాత్రమే బెడిసికొట్టింది. వీధి దీపాలు వెలిగించినందుకు ధన్యవాదాలు చెబుతూ కట్టిన ఫ్లెక్సీని, దీపాలు లేవు కనుక, ఎవరూ చదవలేకపోయారు.

ఆ ఎండాకాలం బాపుకు పెద్ద పని తగిలింది. వాళ్ళ బస్తీ ఆడవాళ్ళు చాలామంది పొలాల్లో ఆకుకూరలు పండించి, తెల్లవారకముందే గంపలకెత్తుకుని శంషాబాద్ మార్కెట్టుకు నడిచి వచ్చేవాళ్ళు. వెనకటి నుంచి ఉన్న కాలిదారి అది. కొత్త రోడ్డు పనుల్లో ఎవరో దానికి అడ్డంగా ఎత్తయిన మట్టికట్ట పోసేశారు. అప్పటి నుంచి గంపలు నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. వాళ్ళు చేరేసరికి బేరాలు అయిపోయేవి, కొత్తిమీర తల వాల్చేసేది. అమ్ముడుపోని కట్టలు మేకలకు వేసి ఇంటికి వెళ్ళే ఆడవాళ్ళను నేనే చూశాను. ఇక వానలు మొదలైతే ఆ చుట్టుదారి కూడా బురదై నడవడానికి ఉండదు. అప్పుడు మార్కెట్టు ఆశ వదులుకుని, ఉన్న మడులు బీడు పెట్టుకోవడమే. నాకు తర్వాత తెలిసింది గానీ, బాపు వాళ్ళందరి ఎదుట మాట ఇచ్చేశాడు: "వానలు వడేలోపల మీ తొవ్వ మీకు తెచ్చిస్త."

ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. "బిడ్డా, ఆఫీసుల ఉన్న, జర జల్ది రాసుకో. మా బస్తీకి తొవ్విచ్చిన ఇంజినీరు సారుకు ధన్యవాదాలు. గంతే. అక్షరాలు పెద్దగ కొట్టు." నేను కలం పట్టుకుని ఆలోచనలో పడ్డాను. మా వైపు తొవ్వడమంటే గునపం పుచ్చుకుని గొయ్యి తొవ్వడమే. 'తొవ్వించిన' అనబోయి తొందరలో 'తొవ్విచ్చిన' అన్నాడని తేల్చుకున్నాను. పుస్తకాల తెలుగులో 'తవ్వించిన' అంటే ఇంకా నిండుగా ఉంటుంది. అయితే 'బస్తీకి తవ్వించడం' ఏమిటి, విభక్తి కుదరడం లేదు, కనుక 'బస్తీలో' అని దిద్దాను. ఏం తవ్వించాడో చెప్పలేదేమిటా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది గానీ, మోరీల బాపు తవ్విస్తే మోరీయేగా అని సర్దిచెప్పుకున్నాను. 'మా బస్తీలో తవ్వించిన ఇంజినీరు గారికి ధన్యవాదములు.' చూసుకుని మురిసిపోయాను. సాయంత్రం బాపు వచ్చి, చుట్టిన ఫ్లెక్సీని చుట్టినట్టే మోపెడ్ మీద వేసుకుపోయి, రోడ్డు పనులు చూసే ఇంజినీరు ఆఫీసు ఎదురుగా కట్టేశాడు. కళ్ళద్దాలు లేనిదే ఆయనకు అక్షరం ఆనదు. అద్దాలేమో ఇంట్లో ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత, దుకాణం తెరిచామో లేదో, గంపలతో సహా ఆడవాళ్ళు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. వాళ్ళ మధ్య బాపు, ఈసారి కళ్ళద్దాలతో. "గా ఫ్లెక్సీ రాసింది ఎవరు?" అని ఒకావిడ అడిగింది. ఓనరన్న వెంటనే మెషిన్ వెనక్కి వెళ్ళి, బాగానే ఉన్న వైరును సరిచేయడం మొదలుపెట్టాడు. అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. నోరు తెరిస్తే నేనెక్కడిదాన్నో తెలిసిపోతుందని పిన్ని ప్రతి ఉదయం జాగ్రత్తలు చెప్పి పంపేది. నేను కంప్యూటర్ వెనక తల దాచుకున్నాను. బాపు మాత్రం కుర్చీలో కూర్చుని నిదానంగా అడిగాడు. "బిడ్డా, తొవ్వంటే ఏంది?"

"తవ్వడం అండీ."

"గడ్డపారతోనా?"

"అవునండీ."

"తొవ్వంటే నడిచేది బిడ్డా. కాళ్ళ కింద ఉంటది."

"దారా అండీ?"

"ఆ, దారే. ఉన్న ఒక్క తొవ్వను గూడ తవ్విచ్చినవ్."

సంగతి ఏమిటంటే, బాపు పద్ధతి ఎప్పటిలాగే పనిచేసింది. తనకు ధన్యవాదాలు ఎందుకు చెబుతున్నారో ఫ్లెక్సీలో చదివిన ఇంజినీరు, బస్తీలో ఏమీ తవ్వలేదని కనుక్కుని, పరువు దక్కించుకోవడానికి జేసీబీని పంపి బస్తీ మొగలోనే రోడ్డుకు అడ్డంగా నిలువెత్తు కందకం తవ్వించేశాడు. ఇప్పుడు చుట్టుదారి కూడా లేదు. ఆడవాళ్ళు ఆ గోతిలోకి దిగి, గంపలు ఒకరికొకరు అందించుకుని వచ్చారట. ఇదంతా వింటుంటే నాకు వచ్చిన తెలుగంతా ఎటో పోయింది. బాపు లేచి కండువా దులుపుకున్నాడు. "రా బిడ్డా, బండెక్కు. ఇంజినీరు మీ దిక్కు మనిషే. నేను జెప్తే సమజైతలేదు. నువ్వు జెప్పు."

మేం వెళ్ళేసరికి ఇంజినీరు కందకం పక్కనే నిలబడి, అంచులు తీరుగా వచ్చాయో లేదో చూసుకుంటున్నాడు. బాపు నమస్కారం పెట్టి అన్నాడు. "సారూ, మేం తొవ్వ అడిగినం."

"తవ్వాను కదండీ" అన్నాడాయన.

"తవ్వుడు గాదు సారూ, తొవ్వ."

"అదేనండీ, బాగా లోతుగా తవ్వించాను. ఇంకా ఎంత తవ్వమంటారు?"

"అయ్యో, గిదేంది సారూ. తొవ్వ, తొవ్వ."

ఇంజినీరు జేసీబీ డ్రైవర్ వైపు తిరిగి ఇంకో అడుగు దింపమన్నాడు. నేను అడ్డం పడ్డాను. "సార్, ఆయన దారి అడుగుతున్నారు. ఆ కట్టలోంచి మార్కెట్టుకు దారి." తెలుగులోంచి తెలుగులోకి అనువాదం చేయడం నా జీవితంలో అదే మొదటిసారి. ఇంజినీరు నన్ను, బాపును, కందకాన్ని మార్చి మార్చి చూశాడు. "దారి అని ఫ్లెక్సీలో రాయొచ్చు కదండీ ఆ రాసినవాళ్ళు" అన్నాడు. నేను నేల చూపులు చూశాను.

కానీ కట్ట కోయడానికి పైనుంచి పర్మిషన్ కావాలని, అది రావడానికి నెలలు పడుతుందని ఇంజినీరు అన్నాడు. మా వెనకే నడిచి వచ్చిన ఆడవాళ్ళ మొహాలు వాడిపోయాయి. నెలలంటే వానలు వచ్చిపోవడమే. బాపు కందకంలోకి వంగి చూసి చాలా వినయంగా అడిగాడు. "గీ తవ్వుడుకు పర్మిషన్ ఎవరిచ్చిండ్రు సారూ?" ఇంజినీరు జేబులో ఫోన్ తడుముకున్నాడు. "నాకేం లేదు సారూ. రేపు మీ పెద్దసారు ఆఫీసుకొస్తడంట. తవ్విచ్చిన ఇంజినీరుకు ధన్యవాదాలని ఎదురుంగనే ఉన్నది. ఏం తవ్విచ్చిండో సూద్దామని గిక్కడిదాంక వస్తడు. రానీ. మీ పేరు గొప్పగ జెప్త." ఆ మాటలో వెటకారం అణువంత కూడా లేదు, అందుకే ఇంజినీరు బాగా భయపడ్డాడు. పక్కకు వెళ్ళి ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడి, నుదురు తుడుచుకుంటూ వచ్చి, జేసీబీని కట్టవైపు తిప్పమన్నాడు. పొద్దు గుంకేలోపల కందకం పూడింది, కట్టలో దారి పడింది. మర్నాడు తెల్లవారుజామున గంపలన్నీ ఆ సందులోంచి వరసగా మార్కెట్టుకు వచ్చాయి.

ఆ మధ్యాహ్నం బాపు దుకాణానికి వచ్చి, కొత్త ఫ్లెక్సీ కొట్టమని చెప్పి, కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుస్తూ కూర్చున్నాడు. "పని గాకముందు ధన్యవాదాలు మస్తు జెప్పిన బిడ్డా. అయినంక ఏం రాస్తరో నాకు తెల్వది" అన్నాడు చివరికి. ఇద్దరం కూర్చుని ఆలోచించాం. 'మా బస్తీకి తొవ్వ ఇచ్చిన సారుకు ధన్యవాదాలు' అని నేనే టైపు చేశాను, ఒక్క అక్షరం దిద్దకుండా. పక్కన బాపు ఫొటో పెట్టాను. ఆయన చూసి తల అడ్డంగా ఊపి, "నీది గూడ వెట్టు. నువ్వు కమిటీల మెంబరువు ఇగ" అన్నాడు. ఎంత వద్దన్నా వినలేదు. ఏకగ్రీవ తీర్మానమైపోయింది. అలా శంషాబాద్ నాయకుల మధ్య కొన్నాళ్ళు నేనూ స్తంభానికి వేలాడాను. పిన్ని బస్సులోంచి చూసి, మా అమ్మకు ఫోన్ చేసి, నేను రాజకీయాల్లో దిగానని చెప్పింది.

రాష్ట్రం విడిపోయిన ఏడాది ఎండాకాలంలో బాపు పోయాడు. ఎవరి దరఖాస్తుతోనో ఆఫీసు బెంచీ మీద కూర్చుని అలాగే ఒరిగిపోయాడట. నాకు చాలా ఏడుపొచ్చింది. సొంత పెద్దనాన్న పోయినా అంత ఏడవలేదు. ఆ వానాకాలం ఒకరోజు మార్కెట్టుకు వెళితే చినుకులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు గబగబా ఆకుకూరల కుప్పల మీద పాత ఫ్లెక్సీలు కప్పుతున్నారు. ఒక కుప్ప మీద నేనున్నాను. రంగు వెలిసిపోయినా గుర్తుపట్టేలాగే ఉన్నాను. బాపు సగం మాత్రం లోపలికి మడిచి ఉంది. "అక్కా, జర బాపు మొకం పైకి తియ్యవా" అని అడిగాను. ఆవిడ అంచు ఎత్తి చూసి, మళ్ళీ దించేసింది. "లోపల్నే ఉండనీ బిడ్డా. కొత్తిమీర తడవకుంట చూసుకుంటున్నడు" అంది. నేను గొడుగు కింద నిలబడి, పైనున్న ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయాను. వాన నీళ్ళు ముక్కు మీంచి కారుతున్నా తెలుగు భాష మొత్తాన్ని తానే మోస్తున్నంత గంభీరంగా ఉంది పాపం.