ఎర్ర గోలీనా, తెల్ల గోలీనా?

ఏళ్ళుగా నాకొక కోపం ఉంది. యూనివర్సిటీ పక్కనున్న దవాఖానా డాక్టర్లు మా నెత్తురు తీసుకుంటారు, నాలుక చూస్తారు, రాసుకుని పోతారు. ఏం తెలిసిందో మళ్ళీ వచ్చి చెప్పినవాడు లేడు.

ఈసారి మోకాళ్ళ నొప్పికి కొత్త మందు పరీక్ష అన్నారు. నాకు ఎర్ర గోలీలు, మా ఇంటామె రాజమ్మకు తెల్లవి ఇచ్చారు. ఈ రోజు రాజమ్మ ఆటో ఎక్కకుండా తార్నాక నుంచి దవాఖానా దాకా నడిచే వచ్చింది. చిన్న డాక్టరు సంబరపడ్డాడు.

“గోలీలు రోజూ ఏస్కున్నవా, అమ్మా?”

“ఏస్కున్న సారూ. నాది సగం ఇరిచి ఆయనకు, ఆయనది సగం నాకు. మా ఇంట్ల ఏదొచ్చినా గంతే.”

డాక్టరు కలం కింద పెట్టేశాడు.

“ఒకదాంట్ల మందు, ఒకదాంట్ల ఉత్త పిండి ఉంటది. ఏది ఏందో నాకు గూడ తెల్వదు. ఇగ మీ ఇద్దరి పేర్లు కొట్టెయ్యాలె.”

“కొట్టెయ్యి. ఈమెను నడిపిచ్చింది ఏ గోలీ? అది చెప్పు,” అన్నాను.

“పరీక్ష అయ్యేదాక ఎవ్వరికీ చెప్పరు, పెద్దాయనా.”

మిగిలిన గోలీలు కూడా గుంజుకున్నారు. అప్పటి నుంచి రాజమ్మ మోకాలు తడుముకుంటూనే ఉంది. నొప్పి లేదంటుంది, మళ్ళీ తడుముతుంది. నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

అందుకే ఇది రాసి, ఆ డాక్టరు ఛాయ్ తాగే హోటల్ గోడకు అంటిస్తున్నాను. చదివినవాళ్ళు చెప్పండి, పెళ్ళాం నొప్పితో మూలుగుతుంటే మొగుడు ఒక్కడే మందు మింగుతాడా?

డాక్టరూ, ఎర్రదా, తెల్లదా? శుక్రవారం లోపల నాకు జవాబు కావాలి.