తువ్వాల కింది చెయ్యి

మా ఆయన పేరు కుర్మయ్య. ఊరు చేవెళ్ల దగ్గర ఆలూరు. పశువుల అంగడిలో దళారి. దళారి అనగానే మొహం చిట్లించేవాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు, నాకేం నష్టం లేదు. ఆయన గురించి ఎవరైనా రాస్తారేమోనని చాలా ఏళ్లు చూశాను. ఎవరూ రాయలేదు. అందుకని ఆయన పెళ్లాన్ని, ఏడో తరగతి చదివిన అంతమ్మను, నేనే రాస్తున్నాను. నోటితో మా యాస మాట్లాడతాను, రాసేటప్పుడు మాత్రం బడిలో నేర్చిన భాషే వస్తుంది.

మా అంగడిలో బేరం పైకి మాట్లాడరు. దళారి ఒక తువ్వాల పరిచి పట్టుకుంటే, అమ్మేవాడు దాని కింద చెయ్యి పెడతాడు. వేళ్లు నొక్కి ధర చెబుతాడు. తర్వాత కొనేవాడి చెయ్యి. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ వినపడదు. మా ఆయన చెయ్యి లెక్క చూసుకునేది, కళ్లు మాత్రం ఎదుటివాడి మొహం మీద ఉండేవి. ఇష్టపడి అమ్ముతున్నాడా, మనసు చంపుకుని అమ్ముతున్నాడా అన్నది ఇట్టే పట్టేసేవాడు. కుర్మయ్య కలిపిన బేరం తిరగబడదని నాలుగు మండలాల్లో పేరు.

రెండువేల ఐదు చలికాలంలో ఒకరోజు పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు కుడివైపు నుంచి కారిపోయాయి. మూతి వంకర పోయింది. గాలి తగిలిందన్నారు, వాతమన్నారు. నెల తిరక్కముందే ఎడమవైపు కూడా పడిపోయింది. పట్నం దవాఖానలో మందులిచ్చారు, మొహానికి కరెంటు పెట్టారు. మాట కొంత సర్దుకుంది కానీ మొహం కదల్లేదు. నవ్వు లేదు, కోపం లేదు. కళ్లు పూర్తిగా మూతపడవు. అంగడి దుమ్ముకు బొటబొటా నీళ్లు కారుతుంటే, పాపం ఏడుస్తున్నాడని అందరూ జాలిపడేవారు. నాకు ఒళ్లు మండేది.

అసలు కష్టం అది కాదు. ఆ ఏడే మా అమ్మ పోయింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, మా ఆయన నా మొహంలోకి చూసి, "ఛాయ్ పెడ్తవా?" అన్నాడు.

"మనిషివేనా నువ్వు? గింత ఏడుస్తుంటే కనవడ్తలేదా?" అని చెంబు విసిరాను.

"కన్నీళ్లు కనవడ్తున్నయే. పొగకొచ్చినయో, దుఃఖానికొచ్చినయో సమజైతలేదు. ఎవల మొఖం జూసినా లోపల ఏం తగుల్తలేదు," అన్నాడు. ఆ మాటకు నా ఏడుపు ఆగిపోయి భయం పట్టుకుంది.

దవాఖానలో అడిగితే డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఎదుటి మనిషి నవ్వితే మన మొఖం కూడా మనకు తెల్వకుండనే కొంచెం కదులుతదమ్మా. ఆ కదలిక కూడా వాళ్లను అర్థం చేసుకోవడానికి సాయం చేస్తదంటరు. మీ ఆయనకు అది లేదు కదా. అందరికీ ఇట్లనే అయితదని కాదు. కొందరికి కష్టమైతది. వేరే దారి వెతుక్కుంటరు, ఫికర్ చెయ్యకు."

వేరే దారి దొరికేలోపే దెబ్బ తగిలింది. ఒక రైతు పళ్లు బిగబట్టి కోపంతో నిలబడితే, మా ఆయన దాన్ని నవ్వనుకుని, బేరం కుదిరిందని చేతులు కలిపేశాడు. రైతు పశువు తలుగుతాడు విసిరికొట్టి పోయాడు. జంగయ్య అని ఇంకో దళారి ఉన్నాడు. "మొఖం సచ్చినోడు మంది మొఖాలేం జూస్తడు!" అని అంగడంతా వినపడేటట్టు అన్నాడు. తర్వాత ఆరు వారాలు మా తువ్వాల కింద ఎవరూ చెయ్యి పెట్టలేదు. మాకు ఆ పని తప్ప ఇంకోటి రాదు. ఇంకొక్క బేరం చెడితే ఆయన ఇంట్లో కూర్చోవలసిందే.

అప్పుడు నేను కొంగు బిగించాను. "నువ్వు తువ్వాల వట్టు, మొఖాలు నేను జూస్త," అన్నాను. ఆయన వెనక నిలబడి, అమ్మేవాడికి ఇష్టముంటే వీపు మీద వేలితో ఒక్కసారి పొడవాలి, లేకపోతే రెండుసార్లు. ఆడదానికి అంగడిలో ఏం పని అని ఒకడు గొణిగాడు. "బర్రెకు పాలు పిండేటోళ్లం మేము, నీకేం పని?" అన్నాను. మెల్లమెల్లగా ఒకటీ రెండూ బేరాలు వచ్చాయి. నేనే ఆయన కళ్లు అని నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది, దాచుకోను.

ఆయన మాత్రం అప్పటినుంచి తల వంచి తువ్వాలకేసే చూస్తుండేవాడు. ఒక్కొక్క చెయ్యి చాలాసేపు పట్టుకునేవాడు. ఎందుకని అడిగితే, "ఉండు, నేర్సుకుంటున్న," అనేవాడు.

రెండువేల ఆరు వేసవిలో మొయినాబాద్ వైపు ఎంకపల్లి నుంచి శాంతయ్య తన కాడి ఎడ్లను తోలుకొచ్చాడు. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల పుణ్యమా అని మా రోడ్డు పొడుగునా పొలాల్లో హద్దురాళ్లే. శాంతయ్య చేను కూడా వెంచర్‌లో కలిసిపోయింది. కొడుకు రత్నాకర్ ఒక కంపెనీ ఉద్యోగులను తిప్పే కారు నడుపుతాడు, వెంట వచ్చాడు. శాంతయ్య నవ్వే నవ్వు. అందరికీ బీడీలు పంచాడు. "ఇగ పేడ తీసే పీడ వోయింది, పెద్దమనిషి లెక్క కూసుంట," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. కొనేవాడు పక్కనే సిద్ధంగా ఉన్నాడు, శాంతయ్య నవ్వుతూనే తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. మా ఆయన వీపు మీద ఒక్కసారి పొడిచాను.

ఆయన చెయ్యి కలపలేదు. మళ్లీ పొడిచాను, ఈసారి గట్టిగా. తువ్వాల తీసి భుజం మీద వేసుకుని, "ఈ ఎడ్లు అమ్మకానికి లేవు," అన్నాడు.

జంగయ్య చప్పట్లు కొట్టాడు. "పండ్లన్నీ కనవడేటట్టు నవ్వుతుండు గదనే! పెండ్లాన్నన్న అడుగు!" రత్నాకర్ కోపంగా ముందుకొచ్చాడు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయిపోయింది, రేపటినుంచి ఈ మనిషిని ఎవడూ పిలవడు అనుకున్నాను.

మా ఆయన శాంతయ్య వైపు తిరిగాడు. "శాంతన్నా, మూడుసార్లు వేలు వెట్టినవ్, మూడుసార్లు గుంజుకున్నవ్. గింత ఎండల నీ చెయ్యి మంచు లెక్క ఉన్నది. అమ్మాల్నని ఉన్నదా నీకు? ఉంటే మల్ల వెట్టు."

తువ్వాల మళ్లీ పరిచాడు. శాంతయ్య నవ్వుతూనే నిలబడ్డాడు. చెయ్యి మాత్రం లేవలేదు. కాసేపటికి ఆ నవ్వు కూడా పోయి, ఎద్దు మెడ పట్టుకుని బావురుమన్నాడు.

"కొడుకు ముందట ఏడ్వొద్దని పొద్దటిసంది నవ్వుతున్ననే!"

"బాపు, నువ్వే గదా అమ్ముదమన్నవ్?" రత్నాకర్ గొంతు చిన్నదైపోయింది.

"జాగ లేదంటివి గద బిడ్డా."

"ఇంటెనక ఉన్నది. కొట్టమేస్త. నువ్వు జెప్తె గద నాకు తెల్సేది," అని ఆ పిల్లాడే పలుపు పట్టుకున్నాడు. తర్వాత ఆ ఎడ్లు శంకర్‌పల్లి వైపు కూరగాయల మళ్లల్లో కిరాయికి చాలా ఏళ్లు దున్నాయి.

ఆ రోజు మాకు బేరం లేదు. అయినా మేం కదలకముందే నలుగురు వచ్చి, వచ్చే వారం మా పశువులు నువ్వే చూడాలె కుర్మన్నా అని చెప్పి పోయారు. జంగయ్య మా వైపు చూడకుండా తలపాగా సర్దుకున్నాడు.

ఇంటికి పోయేటప్పుడు ట్రాలీ ఆటోలో అందరి మధ్య ఆయన పక్కన కూర్చున్నాను. రెండు మంచి కళ్లున్న నేను తప్పు చెప్పాను, ఆయన నిజం చెప్పాడు. నా మొగుడు! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. ఆయన నా మొహంలోకి తేరిపార చూశాడు.

"ఎట్లున్నవో సమజైతలేదే. చెయ్యి ఇయ్యి."

నలుగురు ఉన్నారని తువ్వాల మా ఇద్దరి ఒడిలో కప్పాడు. దాని కింద నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

"నన్ను జూసి మస్తు మురుస్తున్నవ్ గదా," అన్నాడు. మొహంలో ఏమీ లేదు, వేళ్లు మాత్రం నా చేతిని గట్టిగా నొక్కాయి.

"సాలు తియ్, పెద్ద సంబురం," అన్నాను. చెయ్యి మాత్రం గుంజుకోలేదు.