ఆయన పూర్తి చేసిన మాటలు

ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ మైకాయనే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యంగా నడుస్తోందో బస్టాండు మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఒక కుర్చీ, బల్ల, గోడకి చిన్న ఫ్యాను, ఎదురుగా అద్దాల కిటికీ. అదీ ఆయన గది. అక్కడ కూర్చుని నోరు తెరిచాడంటే బయట ఏడుస్తున్న పిల్లలు సైతం ఒక్క క్షణం ఆగి పైకి చూసేవారు. కూరగాయల కొట్లో బేరమాడుతుంటే జనం గొంతు గుర్తుపట్టి వెనక్కి తిరిగేవారు. ఆయనకది లోలోపల గర్వం. భార్య మాత్రం, "ఇంట్లో కూడా అదే గొంతేంటండీ? మీరు ఉప్పు అడిగితే బస్సొచ్చేసిందేమో అని లేచి నిలబడుతున్నా" అని నవ్వేది.

వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకి నత్తి.

మాటలు వచ్చిన కొత్తలో ముద్దుగానే ఉండేది. బడిలో వేశాక అది ముద్దుగా ఉండే విషయం కాదని తెలిసింది. ముఖ్యంగా 'ప' దగ్గర గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయేది. ఆ ఆగడం చూస్తే మైకాయనకి ఊపిరాడేది కాదు. పిల్ల "నాన్నా, ప... ప..." అనగానే "పుస్తకమా? పెన్సిలా?" అని అందించేవాడు. డాక్టరు దగ్గరైనా, చుట్టాలింట్లోనైనా ఆమె మొదలుపెట్టిన మాట ఆయన నోట్లోంచే పూర్తయ్యేది. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. చూసినవాళ్ళు కూడా, "ఎంత ప్రేమో కూతురంటే" అనేవారు.

తల్లి ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది, సాయంత్రం ఆలస్యంగా వచ్చేది. అందుకని బడి అయ్యాక పిల్ల మైకు గదిలోనే కూర్చుని చదువుకునేది. చదువు సగం, కిటికీలోంచి జనాన్ని చూడడం సగం. అలా చూసీ చూసీ ఆ పిల్లకి భవనాలు గీసే చదువు మీద మనసు పడింది. దూరపు ఊళ్ళో ఒక మంచి కాలేజీ ఉందని టీచరమ్మ చెప్పింది. దరఖాస్తు అంతా కంప్యూటర్లోనే. మార్కులు, గీసిన బొమ్మలు అన్నీ పెట్టాక చివర్లో ఒక మాట ఉంది: రెండు నిమిషాల పరిచయ వీడియో, ఇష్టముంటేనే పంపవచ్చు.

పిల్ల పంపాలనుకుంది. ఎవరినీ అడగలేదు. తండ్రికి డ్యూటీ లేని ఒక సెలవు రోజున తల్లిని వెంటబెట్టుకుని బస్టాండుకి వెళ్ళి, తను అట్టముక్కలతో చేసిన బస్టాండు నమూనాని ఒక బల్ల మీద పెట్టి, ఫోను తల్లి చేతికిచ్చింది. మళ్ళీ మళ్ళీ తీశారు. ఇంటికొచ్చాక ముఖం వెలిగిపోతుండగా తండ్రి ముందు పెట్టింది.

"చూడు నాన్నా."

వీడియోలో ఆమె చెబుతున్నది ఇది: ఇక్కడ బెంచీలు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ఉంటారు, ఎందుకంటే కూర్చుంటే స్తంభాలు అడ్డమై వచ్చే బస్సు కనబడదు. బెంచీలు కాస్త పక్కకి తిప్పితే ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు హాయిగా కూర్చుంటారు. ఆయన పాతికేళ్ళుగా ఆ కిటికీ వెనకే ఉన్నాడు, ఆ సంగతి ఆయనకెప్పుడూ తోచలేదు. కానీ ఆ క్షణంలో ఆయన అది వినడమే లేదు. మధ్యలో ఒకచోట ఆమె "ప్ర... ప్ర..." అని ఆగింది. పెదవులు బిగుసుకున్నాయి, కళ్ళు మూసుకుంది. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, ఫోను తెరకేసి చూస్తూ "ప్రయాణికులు" అనేశాడు.

పిల్ల ఆయన వైపు చూసింది. ఆయన గమనించలేదు.

"ఇష్టముంటేనే అని ఉందిగా తల్లీ, ఎందుకు పంపడం? నీ మార్కులు చాలు, బొమ్మలు చాలు."

"నాకు ఇష్టమే నాన్నా."

"అది కాదమ్మా. వాళ్ళు కొత్తవాళ్ళు. మనకైతే అలవాటు. వాళ్ళకి ఎందుకు..."

"ఎందుకు ఏంటి?"

అంతలో మంచి ఉపాయం తట్టినట్టు ఆయన ముఖం విప్పారింది. "పోనీ ఇలా చేద్దాం. నువ్వు నమూనా చూపించు. మాటలు నేను చదువుతా. గొంతు అదిరిపోతుంది!"

వంటింటి గుమ్మంలో తల్లి, "ఏమండీ" అంది మెల్లగా.

వేళాకోళమనుకుని పిల్ల నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. "వద్దులే నాన్నా," అని ఫోను తీసుకుని లోపలికెళ్ళింది. దరఖాస్తు వీడియో లేకుండానే వెళ్ళింది. ఆ రాత్రి ఆయన నిశ్చింతగా నిద్రపోయాడు, పిల్లని ఒక అవమానం నుంచి తప్పించానని.

సీటు రాలేదు. ఆయన ఉండబట్టలేక కాలేజీకి ఫోన్ చేశాడు. "వీడియో లేకపోవడం వల్ల రాలేదాండీ?" అని అడిగాడు. అవతల అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "దానికి మార్కులేమీ ఉండవండీ. పంపితే చూస్తాం, అంతే." ఆ మాట పట్టుకుని ఊరట పడదామని చూశాడు. మనసు ఒప్పుకోలేదు. పంపితే చూసేవాళ్ళు. ఆ చూడటాన్నే కదా తను ఆపింది.

అదే ఏడు ఊళ్ళోనే ఒక చిన్న కాలేజీలో ఇంటర్వ్యూకి పిలిచారు. తోడుగా వెళ్ళాడు. "నువ్వు ఇక్కడే ఉండు" అని చెప్పి ఆమె నమూనాతో లోపలికెళ్ళింది. తలుపు సరిగ్గా పడలేదు. నమూనా పైకప్పు ఊడి వచ్చేలా ఎందుకు చేశావని ఎవరో అడిగారు. "మా బస్టాండులో టికెట్ లేకుండా ఉండేవి ప... ప... ప..." బయట బెంచీ మీద ఆయన నాలుక కదిలింది. పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. లోపల ఎవరూ అందించలేదు. ఎవరూ దగ్గలేదు, కాగితాలు తిప్పలేదు. చివరికి ఆమె గొంతే వచ్చింది: "...పావురాలే సార్. వాటినీ లోపలికి చూడనివ్వాలి కదా!" గదంతా గొల్లుమంది. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వుతోంది.

కూతురు జోకు వేస్తుందని ఆయనకి తెలియదు. ఇంట్లో ఎన్ని జోకులు మొదలుపెట్టిందో, ఎన్నిటిని తను మధ్యలో అందుకుని చప్పబరిచాడో లెక్కలేదు. తలుపు పక్కన గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె బయటికి రాగానే ఏదో చెప్పాలనుకున్నాడు. చెప్పకుండా ఆమె చేతిలోని నమూనా అందుకున్నాడు.

"అయిపోయింది, పద" అంది ఆమె.

అక్కడ సీటొచ్చింది. చదువు ముగించి, ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. నత్తి పోలేదు, దాని గురించి ఆమె పట్టించుకోవడం మానేసింది. కూలీలతో, ఇంటివాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడుతుందని ఆఫీసువాళ్ళు చెబుతారు. ఈలోపు బస్టాండులో రికార్డు చేసిన గొంతు పెట్టారు, మైకాయన రిటైరయ్యాడు. ఒకసారి సాహసం చేసి అడిగాడు.

"అమ్మలూ, ఆ వీడియో ఉందా? ఒక్కసారి చూద్దామని."

"ఎప్పుడో తీసేశాను నాన్నా."

"నేనప్పుడు నీకు అన్యాయం చేశాను."

ఆమె కోపంగా చూడలేదు. కోపంగా చూసినా బాగుండేదని ఆయనకి ఇప్పటికీ అనిపిస్తుంది. "అదేం లేదులే. టీ తాగావా?" అంది.

ఆయనతో ఆమె మాటలన్నీ అంతే: తిన్నాను, వస్తాను, సరే. ఆగాల్సిన అవసరం రాని చిన్నచిన్న మాటలు. సాయంత్రాలు వంటింట్లో తల్లీకూతుళ్ళు కబుర్లలో పడతారు. ఆమె ఆగుతూ, తడుముకుంటూ ఆఫీసు సంగతులన్నీ చెబుతుంది, తల్లి గిన్నెలు తోముతూ వింటుంది. ఆయన గుమ్మంలోకి వచ్చాడంటే మాట ఆగదు గాని పొట్టిదైపోతుంది. అందుకే ఈమధ్య ఆయన లోపలికి వెళ్ళడం లేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, నీళ్ళు కావాలన్నా అడగకుండా, వాళ్ళ కబుర్లు అయ్యేదాకా అక్కడే కూర్చుంటాడు.