బొటనవేలు మాస్టారి మార్కులు

ఏ వస్తువునైనా బొటనవేలితో రాసి చూస్తేగాని వర్క్‌షాపు మాస్టారు నమ్మరు. దంతవైద్యుడు పన్ను కట్టి అద్దం చేతికిస్తే, అది పక్కన పెట్టి నోట్లో వేలు పోనిచ్చి, "ఎడమపక్క వెంట్రుకవాసి ఎక్కువుంది" అన్నారు. డాక్టరు నవ్వాడు. కొలిచాడు. నవ్వు ఆపి అరగదీశాడు. "నన్ను చూడ్డానికొచ్చి, వెళ్ళేదాకా మా గుమ్మం నిమురుతూ కూర్చున్న మనిషి" అని మాస్టారి భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయనకు కాలేజీలో బొటనవేలు మాస్టారని పేరు. ఆ పేరు పెట్టింది ఆయన దగ్గరే పని నేర్చుకున్న కంప్యూటర్ గది ఆపరేటరు.

ఆ ఏడాది కాలేజీ సంపూర్ణ డిజిటల్ అయింది. వర్క్‌షాపులో బెంచీలు, ఇనుము కదలకుండా బిగించే వైసులు పీకి షెడ్డులో పడేశారు. వాటి స్థానంలో ఒక సోఫా, ఒక కెమెరా, రెండు పెద్ద దీపాలు వచ్చాయి. ఇనుప ముక్కను చదరంగా అరగదీసే పాఠం ఇప్పుడు తెర మీదే. మౌసు కదిపితే ఆకురాయి కదులుతుంది. చెమట పట్టదు, రజను రాలదు. ప్రిన్సిపాల్ గారు రిబ్బను కత్తిరించి ఆ పాఠం ప్రారంభించారు. కత్తెర మాత్రం నిజందే.

పిల్లలు ఇంటిదగ్గర ముక్క తయారుచేసి ఫొటో పంపాలి. మార్కులు సాఫ్ట్‌వేరే వేస్తుంది. నలభై ముగ్గురికీ తొంభై దాటాయి. దానికి నాలుగు మూలలు కనిపిస్తే చాలని ఆపరేటరుకు తెలుసు. ఒకడు బిస్కెట్టు ఫొటో పంపి తొంభై ఆరు తెచ్చుకున్నాడు.

మాస్టారు వచ్చి తెర ముందు కూర్చున్నారు.

"ఇదెవరిదోయ్?"

"ఒకటో నంబరుది, మాస్టారూ."

బొటనవేలితో తెర మీద రాశారు. "ఇది?"

"రెండో నంబరు."

మళ్ళీ రాశారు. అలా నలభై మూడుసార్లు.

"అందరి పనీ ఒకేలా ఉంది. గాజులా."

"గాజే కదా మాస్టారూ."

"మరి ఇనుమేదీ? అందరికీ సున్నా వెయ్యి."

ప్రిన్సిపాల్ గారు ఆపరేటరును పిలిపించారు. "ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఐదుకి పోర్టల్ మూసేస్తారు. ఈలోగా మార్కులకి ఆయన వేలిముద్ర పడకపోతే క్లాసు మొత్తానికీ ఏడాది పోతుంది. ఎలాగోలా వేయించు. నువ్వాయన శిష్యుడివేగా?"

అసలు చిక్కు ఆ వేలితోనే. నలభై ఏళ్ళు ఇనుము మీద రాసి రాసి ఆ వేలి గీతలన్నీ అరిగిపోయాయి. గేటు దగ్గర మిషను రోజూ పొద్దున్నే, "వేలిముద్ర గుర్తించబడలేదు" అంటుంది. రికార్డు ప్రకారం మాస్టారు ఏడు నెలలుగా కాలేజీకి రాలేదు. చూపుడువేళ్ళూ ప్రయత్నించి, ఆపరేటరు ఆశ వదిలేసుకున్నాడు.

"నేను రాలేదని అది నా మొహం మీదే చెబుతోందోయ్" అనేవారు మాస్టారు.

సున్నాలు వెయ్యమన్న మర్నాటి నుంచి మాస్టారు రోజూ సాయంత్రం నాలుగింటికే బరువైన సంచీతో బస్సెక్కడం మొదలుపెట్టారు. షెడ్డులో ఒక వైసు మాయమైంది.

"పిల్లల పొట్ట కొట్టి ఇనుము అమ్ముకుంటున్నాడయ్యా" అన్నాడు సోఫాలో పాఠాలు చెప్పే లెక్చరరు. ఆపరేటరుకు కోపమొచ్చింది. ఎదురు చెప్పడానికి మాత్రం ఆధారమేదీ దొరకలేదు.

ఇరవయ్యో తారీఖు మూడింటికి మాస్టారు ఒక గోనెసంచీ తెచ్చి టేబుల్ మీద దించారు. టీ గ్లాసు ఎగిరిపడింది. సంచీలో నలభై మూడు ఇనుప ముక్కలు, ఒక్కోదాని మీద గుద్దిన నంబరు. పక్కన మార్కులు రాసిన ఒక నోటుపుస్తకం పెట్టారు.

"ఎక్కించు."

ఆపరేటరు పుస్తకం తెరిచాడు. 'ఏడో నంబరు. ఆకురాయి లేదు. నాది ఇచ్చాను.' 'పంతొమ్మిది. పగలు కొట్లో కూర్చుంటుంది. ఏడు దాటాక వెళ్ళాలి.' 'ముప్పై. వైసు బిగించడానికి ఇంట్లో బల్ల లేదు. మెట్టుకి బిగించాం. ఇంటాయన తిట్టాడు.'

"నలభై మూడిళ్ళకీ వెళ్ళారా మాస్టారూ?"

"కొన్నిళ్ళకి మూడేసిసార్లు. వాళ్ళు నా దగ్గరికి రాకుండా బెంచీలు మీవాళ్ళే పీకారుగా."

"బిస్కెట్టువాడికి అరవై నాలుగా?"

"వాడిది మంచి చెయ్యోయ్. బద్ధకమే. రెండుసార్లు ఏడ్చాడు, మూడోసారి మూల కుదిరింది."

మార్కులు ఎక్కుతుండగా ప్రిన్సిపాల్ గారు పరుగున వచ్చారు. "ఏంటండీ ఇది? క్లాసు సగటు తొంభై ఏడు నుంచి యాభై ఏడుకి పడిపోయింది."

"పడలేదండీ, దిగింది" అన్నారు మాస్టారు. "ఇప్పుడు నేల మీదుంది."

ఐదుకి పది నిమిషాలుంది. కంప్యూటర్ పక్కనున్న వేలిముద్ర మిషను బొటనవేలిని వద్దంది. తుడిచి పెడితే మళ్ళీ వద్దంది. ప్రిన్సిపాల్ గారు గోడ గడియారాన్ని, మాస్టారి వేలిని మార్చి మార్చి చూస్తున్నారు.

ఆపరేటరు నెమ్మదిగా అడిగాడు. "మాస్టారూ, మీ వేళ్ళలో పనికి వాడనిది ఏదైనా ఉందా?"

మాస్టారు రెండు చేతులూ చాపి, పనివాళ్ళ హాజరు చూస్తున్నట్టు వేళ్ళన్నీ పరిశీలించారు. చివరికి ఎడమచేతి చిటికెనవేలు ముందుకు పెట్టారు. ఆపరేటరు దాన్ని కొత్తగా నమోదు చేసి మిషను మీద అదిమాడు. మిషను కిచకిచమంది. తెర మీద మార్కుల పక్కనున్న నలభై మూడు ఎర్రగళ్ళూ పచ్చబడ్డాయి.

"నలభై ఏళ్ళలో ఇది ఒక్క పని చెయ్యలేదోయ్" అన్నారు మాస్టారు, చిటికెనవేలి వంక చూస్తూ.

"ఈ కాలేజీలో అలాంటివాళ్ళ హాజరే సరిగ్గా పడుతుంది మాస్టారూ."

ప్రిన్సిపాల్ గారు కిటికీ వైపు తిరిగారు. మాస్టారు ఖాళీ గోనె మడిచి చంకన పెట్టుకుని, వెళ్ళబోతూ ఆగి, మిషను అంచు మీద బొటనవేలు రాశారు.

"మూల గరుగ్గా ఉంది. పిల్లల చేతులు గీరుకుంటాయి. రేపు ఆకురాయి తెస్తాను."