భూతల స్వర్గంలో ఆరు రూములు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాయుద్ధం. వంశాల పౌరుషాలు, కోట నీడలో పంతాలు, ఏరులై పారిన ఎర్ర సిరా. ఇట్ల మొదలుపెట్టాలని చాలా ఉండె గాని, నిజానికి ఇది ఒక పాంప్లెట్ కథ.

2006. బీదర్ గాంధీ గంజ్ వెనక సందులో నాది డీటీపీ దుకాణం. అంటే కంప్యూటర్ మీద అక్షరాలు పేర్చి ప్రెస్సుకు పంపుడు. ఎక్కువ పెండ్లి కార్డులే. అప్పుడు హైదరాబాద్ మస్తు పెరుగుతుండె. ఆదివారం వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ పిల్లలు కార్లేసుకొని మా కోటకు దిగుతుండిరి. అది చూసి మా దేవదానం మామ ఆరు రూముల లాడ్జి కట్టిండు. పిల్లలు కోట చూసి, ఫొటోలు దిగి, పొద్దుగూకకముందే వాపస్ పోతుండిరి. రూములు ఖాళీగనే ఉన్నయి. గంజ్‌ల ఒక ధాన్యం సేటు వాటిల్ల కందుల బస్తాలు పెట్టుకుంటనని అడుగుతుండె.

"దసరా దాకా చూస్త. మనుషులు రాకుంటే కందులొస్తయి," అని మామ ఇంటామె సుగుణత్త తేల్చేసింది.

మామ ఉరికొచ్చిండు. "అల్లుడా, లాడ్జికి ఒక పాంప్లెట్ వెయ్యి, హైదరాబాద్ ఆఫీసుల్ల పంచాలె. చదివితే మనిషి బ్యాగు సర్దుకోవాలె."

నేను నాలుగు లైన్లు రాసిన. కోట దగ్గర, రూములు సాఫ్, పొద్దున వేడినీళ్లు, రాత్రి జొన్నరొట్టె. కింద ఫోన్ నంబరు. ప్రూఫ్ తీసి ఇచ్చిన. ప్రూఫ్ అంటే అచ్చుకు ముందు తప్పులు చూసుకునే కాగితం. మా దిక్కు మాత్రం అది చుట్టాలకు చూపిచ్చే కాగితం. పెండ్లి కార్డుల ఒక్క మేనమామ పేరు మరిస్తే ఏమైతదో అందరికీ ఎరుకే. మామ ఆ మర్యాదనే లాడ్జికీ పాటించిండు.

ప్రూఫ్ తిరిగొచ్చేసరికి వాళ్ల పెద్దన్న "చరిత్ర పుటల్లో ఒదిగిన" అని చేర్చిండు. బావమరిది "ప్రకృతి ఒడిలో" అన్నడు. ఒకసారి కేరళ పోయొచ్చిన తోడల్లుడు "భూతల స్వర్గం" రాసిండు. మిగిలినోళ్లు "కాలం ఆగిపోయిన చోటు", "మాటల్లో చెప్పలేని మధురానుభూతి" పంచుకున్నరు.

"మామా, మాటల్లో చెప్పలేనిదైతే ఇన్ని మాటలెందుకు?"

"తీసేస్తే మనిషి నొచ్చుకుంటడు రా."

"ప్రకృతి ఒడి ఏడుంది? పక్కన టైర్ల దుకాణం."

"ఎదురుంగ వేపచెట్టు లేదా?"

"ఉంది. దానికి కూడ టైర్లే యాలాడుతున్నయి."

"ఒడి అన్నంక అన్నీ ఉంటయి," అన్నడు మామ.

మూడో ప్రూఫ్‌కు ఫోన్ నంబరుకే జాగ లేదు. అక్షరాలు చిన్నగ చెయ్యమన్నడు. ఇంకా చిన్నగ చేస్తే చీమలకు పంచాలె అన్న. అప్పుడే సుగుణత్త దుకాణంలోకి వచ్చి, కాగితం దూరం పెట్టి చదివింది.

"కాలం ఆగిందని ఎవడు రాసిండు? దసరా వస్తుంది."

ఆఖరికి రాజీ కుదిరింది. పెండ్లి కార్డు మందం కాగితం మీద అందరి మాటలతో ఒకటి, బంధువులకు. నా నాలుగు లైన్లు, నంబరుతో పలచటిది, హైదరాబాద్‌కు. బంధువులు తమ తమ మాట వెతుక్కొని ఖుషీ అయిండ్రు. తోడల్లుడైతే గోడకే అంటించుకున్నడు.

దసరా దగ్గరపడ్డది. సేటు మనిషొచ్చి రూముల కొలతలు తీసుకుంటుంటే లాడ్జిల ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి ఏదో ఆఫీసు. మామ ఫోన్ పక్కనున్న నాకు కూడ వినబడేటట్టు పట్టిండు, గొంతు మాత్రం గవర్నర్ లెక్క ఉంది.

"మా పాంప్లెట్ల మీకే మాట నచ్చింది సార్?"

నేను కాలర్ సర్దుకున్న.

"మాటలా? చదవలేదండి. మా బస్సు నిలపడానికి లోపల జాగా ఉందా?"

"ఉంది."

"అయితే ఆరు రూములూ రాసుకోండి."

సేటు మనిషి టేపు చుట్టుకొని పోయిండు. ఆ పండుగకు లాడ్జి నిండింది. అత్త రొట్టెలు కొడుతుంటే సాఫ్ట్‌వేర్ పిల్లలు పొయ్యి చుట్టూ కూసొని, పెనం మీదికెళ్లే తీసుకొని తిన్నరు. ఒకమ్మాయి రొట్టె చేస్తనని కూసొని భారతదేశం పటం చేసింది. దాన్ని మామ, కాశ్మీర్ దిక్కు నుంచి మొదలుపెట్టి, పూర్తిగా తినేసిండు. అంత నవ్వు ఆ ఇంట్ల నేనెన్నడూ వినలేదు.

ఆ పాంప్లెట్ నాకు నేర్పింది ఒకటే: ఊరి గురించి రాసేటోడు తనకు నచ్చింది రాస్తడు, వచ్చేటోడు తనకు కావలసింది అడుగుతడు. రెండో అచ్చుల నేను ఒక్క వాక్యమే చేర్చిన. గేటు వెడల్పు పన్నెండు అడుగులు, పెద్ద బస్సు రివర్సు కొట్టకుండనే లోపలికి వస్తది.